చేజారిన బండిని చేతితో కట్టుట

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో చిన్న సరుకు బండిని నమ్ముకొని సంసారమును గడపినవాడు, వయస్సు మీఱియో, ఋణము తీర్చుటకో, పిల్లల చదువుల నిమిత్తమో, ఒకనాడు ఆ బండిని అమ్మివేసినప్పుడు, తాళపుచెవిని, రిజిస్ట్రేషను కాగితములను కొన్నవాని చేతిలో బెట్టి, డబ్బు లెక్కపెట్టుకొని యింటికి వచ్చును. లోకము దృష్టిలో ఆ వ్యవహారము అంతటితో ముగిసినది. ఎద్దును అమ్మిన రైతు పలుపునైనను తనయొద్ద నుంచుకొనును. బండి నమ్మినవానికి ఆపాటి ఆనవాలైనను మిగులదు. వాకిట అది నిలుచు చోటు బోసిపోయి కనబడును. రాత్రి మెలకువ వచ్చినప్పుడు, వెనుక టైరులో గాలి యున్నదో లేదో యను చింత అలవాటుకొద్దీ తలయెత్తి, బండియే లేదను ఎఱుకతో మఱుక్షణమున అణగిపోవును. ఈ వెలితిని నవ్వి కొట్టివేయువారు పెక్కుమంది గలరు. నేను వారిలో చేరను. పదియేండ్లో పదునైదేండ్లో కుటుంబమునకు కూడు పెట్టిన వస్తువును మనస్సు తలచుకొనుట దౌర్బల్యము కాదు. ఆ తలపునకు తగిన పని యొకటి చూపకుండుటయే లోపము. ఈ అధ్యాయము ఆ పనిని గూర్చినది: అమ్మిన బండిని, కొలత తప్పకుండ, చిన్న ప్రమాణములో, స్వహస్తములతో మరల నిర్మించుట.

అంగళ్లలో బొమ్మబండ్లు దొరకవా, వానిలో నొకదానిని తెచ్చి అలమారులో నుంచుకొనరాదా యని కొందఱు అడుగుదురు. దొరకును, తెచ్చుకొనవచ్చును. కాని మన తార్కికులు జాతికిని వ్యక్తికిని చూపిన భేదమును ఇచ్చట స్మరింపవలసియున్నది. అంగడి బొమ్మ జాతికి ప్రతినిధి. కొండపల్లి శిల్పి తేలికయైన పొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పొడియు ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, రంగులు వేసి నిలిపిన ఎడ్లబండి ఎంత మనోహరమైనను, అది బండి యను జాతిని చూపునే గాని, ఏ ఊరి ఏ రైతు బండియో చెప్పదు. చెప్పవలసిన అక్కఱయు దానికి లేదు. మీరు చేయబూనినది వ్యక్తిని. ఎడమ తలుపు క్రింది సొట్ట, వెనుక డోరునకు విఱిగిపోయిన కొక్కెము స్థానమున మెలిపెట్టి చుట్టిన కట్టుతీగె, అద్దమునకు కట్టిన నల్లతాడు, ఒకవైపు మాత్రమే మార్చిన మడ్‌గార్డు: ఇవి మీ నిర్మాణమునకు అలంకారములు గావు, ఇవియే మీ విషయము. సొట్ట లేని నమూనా ఎంత నున్నగా నున్నను అది పరుల బండియే యని నా దృఢమైన అభిప్రాయము.

ఉదాహరణమునకు టాటా ఏస్‌ను తీసికొందును. 2005లో విపణికి వచ్చిన ఈ బండి, 702 ఘన సెంటీమీటర్ల రెండు సిలిండర్ల డీజిలు ఇంజనుతో, 16 అశ్వశక్తితో, ముప్పాతిక టన్ను బరువు మోయుటకు ఉద్దేశింపబడి, మూడు చక్రముల ఆటోకును పెద్ద లారీకిని నడుమ చిక్కుకొనిన చిన్న బాడుగదారులకు జీవనాధారమైనది. పులివెందుల తోటల అరటి గెలలు, చీనీకాయలు, జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపబండలు, ప్రొద్దుటూరు అంగళ్ల బట్టల మూటలు దీని తొట్టిలో నెక్కని దినము లేదు. మీది టాటా 207 కావచ్చును, మహీంద్రా జీపు కావచ్చును. హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపాను దేశపు నిస్సాన్ సహకారముతో జహీరాబాదున తయారుచేసిన చిన్న లారీయే కావచ్చును. ఆ చివరిదాని యజమానులకు ఈ పని మఱింత విలువైనది. ఏలయన, తయారుచేసిన సంస్థ పేరే నేడు బండ్లపై కనబడదు, కొలతలు చెప్పు షోరూము లేదు, ఉన్న సాక్ష్యమెల్ల నడిపినవారి యొద్దనే యున్నది.

మొదటి పని కత్తి పట్టుట గాదు, సాక్ష్యములను కూర్చుట. ఏండ్ల తరబడి నడిపినవాడు చీకటిలో సైతము గేరు రాడ్డును తడుముకొనకుండ పట్టుకొనగలడు. కాని వెనుక డోరుపై నిలువు మడతలు ఎన్ని, తలుపు పిడి అద్దమునకు ఎంత క్రింద నున్నది అని యడిగినచో తడబడును. చేతికి తెలిసినదంతయు కంటికి తెలిసియుండవలెనను నియమము లేదు. కనుక ఒక పుస్తకమును తెఱచి, ఎడమపుటలో చూచి, కొలిచి, కాగితమున చదివి నిర్ణయించినదానిని మాత్రమే, కుడిపుటలో జ్ఞాపకము చెప్పినదానిని మాత్రమే వ్రాయుడు. రెంటిని కలుపవలదు. కుడిపుటలోనిది ఋజువైనప్పుడు కొట్టివేసి ఎడమకు మార్చుడు. ఈ యొక్క అలవాటు, బండి పని ముగిసిన తరువాతను, భూమి తగవులలోను పాలివారి లెక్కలలోను మనుష్యునకు అక్కఱకు వచ్చును.

కాగితములు కొన్నవానికి పోయినను, వాని జిరాక్సు ప్రతులు భీమా కాగితముల నడుమనో, బీరువా అడుగుననో మిగిలియుండును. రిజిస్ట్రేషను పత్రములో తయారైన నెల, సంవత్సరము, రంగు, ముందు వెనుక ఇరుసుల నడిమి దూరము వ్రాసియుండును; ఆ దూరమే మీ నిర్మాణమునకు మూలసూత్రము. తరువాత ఛాయాచిత్రములు. మన యిండ్లలో బండికి ప్రత్యేకముగా ఫోటో తీసినవారు అరుదు. కాని ప్రొద్దుటూరి దసరా ఎంత వైభవముగా జరుగునో ఎఱుగనివారు లేరు గదా, ఆయుధపూజనాడు పసుపుకుంకుమలతో, బంతిపూల దండతో, చక్రముల క్రింద నిమ్మకాయలతో నిలిచిన బండి ముందు పిల్లలను నిలువబెట్టి తీసిన చిత్రము ఏదో యొక యింట తప్పక లభించును. అందులో పిల్లలను గాక నంబరు పలకను చూడుడు. నాలుగు చక్రముల తేలిక బండ్లకు నియమములు విధించిన పలక పొడవు 500 మి.మీ., వెడల్పు 120 మి.మీ.; లేదా 340 మి.మీ., 200 మి.మీ. ఎదురుగా నిలిచి తీసిన చిత్రములో పొడవు పలక 20 మి.మీ. ఉన్నచో, ఆ చిత్రములో ఒక్కొక్క మిల్లీమీటరు నిజమునకు 25 మిల్లీమీటర్లన్నమాట. బంపరు ఎత్తు, దీపముల ఎడము, పలకతో సమానమైన దూరములో నున్న సమస్తమును ఆ లెక్కతో రాబట్టవచ్చును. పలకకంటె చాల వెనుకనున్న క్యాబిన్ కప్పునకు ఈ లెక్క చెల్లదు. ప్రక్కకు వాలిన చిత్రమునకు అసలే చెల్లదు.

మిగిలిన కొలతలకు బాడుగ బండ్ల స్టాండునకు పోవలెను. అదే జాతి బండి కనబడినప్పుడు, "అన్నా, నాకూ ఇట్లాంటి బండే ఉన్నింది, రెండు కొల్తలు తీసుకుంటా" అని యడిగినచో కాదనువాడు మా సీమలో నాకు తారసపడలేదు. టేపు రెండవ కొసను తానే పట్టుకొనును. అటుపిమ్మట మీ బండికి టింకరింగు చేసినవానిని కలిసికొనుడు. ఏ రేకును ఎన్నడు సుత్తితో లేపెనో, ఎచ్చట పుట్టీ దట్టముగా నింపెనో అతని చేతులు మఱువవు. ఇంటి యిల్లాలిని అడుగుట మఱువవలదు. బండి మొదటిసారి వాకిటికి వచ్చినప్పుడు దాని రంగు ఎట్లుండెనో, ఏ యేట అది వెలియసాగెనో ఆమెయే నిక్కముగా చెప్పగలదు.

ప్రమాణమును నిర్ణయించుటలో వృథాగా తికమకపడువారు పలువురు. ఇరువది నాలుగవ వంతు మనవారికి అన్నిటికంటె అనుకూలమని నేను తలంచెదను. అడుగునకు అర అంగుళము వచ్చును గనుక వడ్రంగి టేపుతోనే పని నడుచును. ఇది మన శిల్పులకు పరాయి లెక్కయు గాదు. మయమతాది వాస్తుగ్రంథములు 24 అంగుళములను ఒక హస్తముగా గణించినవి. ఆ శిల్పుల అంగుళము నేటి ఇంగ్లీషు అంగుళము గాకపోయినను, హస్తమును అంగుళముగా కుదించుట యనగా సరిగా ఇరువది నాలుగవ వంతే. ప్రమాణములు దైవదత్తములు గావు. జపానులోని తమియా సంస్థ తన పాంథర్ యుద్ధశకటపు నమూనాలో బ్యాటరీలును మోటారును పట్టుటకు ఎంత చోటు కావలెనో చూచుకొని ముప్పది యైదవ వంతును ఎన్నుకొనగా, అదియే పిమ్మట లోకమంతటికి సైనికశకటముల ప్రమాణమైనది. కాబట్టి మీ చేతికి, మీ కంటికి ఏది అనువో అదియే మీకు శాస్త్రము. ఏస్ బండి పొడవు 3,800 మి.మీ.; ఇరువది నాలుగవ వంతున 158. వెడల్పు 1,500, అది 62.5. ఇరుసుల నడిమి దూరము 2,100, అది 87.5. చక్రపు రిమ్ము పండ్రెండంగుళములు, అనగా సరిగా ఒక అడుగు, కనుక నమూనాలో అర అంగుళము. అఱచేతిలో నిలుచును, అయినను వెనుక డోరు కీలు వఱకు చూపుటకు చోటున్నది.

ఇక సామగ్రి. పెద్ద నగరముల నుండి తెప్పింపవలసినది మిక్కిలి స్వల్పమని చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది. ప్రొద్దుటూరు బంగారు వర్తకమునకు పేరుగన్న ఊరు. ఆ వర్తకమును ఆశ్రయించిన స్వర్ణకారుల చేతిలో సన్నపు ఆకురాళ్లు, వెండ్రుకవంటి ఱంపపు బ్లేడులు, చిన్న పటకారులు, టంకము, వెలిగారము, ఊదుగొట్టము, తీగెను రంధ్రము వెంట రంధ్రముగా లాగి సన్నజేయు కమ్మచ్చు ఉన్నవి. సూక్ష్మనిర్మాణమునకు కావలసిన విద్య యంతయు ఆ వీధులలో తరతరములుగా నున్నదే. ఒక వృద్ధ స్వర్ణకారుని యొద్ద వినయముతో కూర్చుండి ఆకురాయి పట్టుట నేర్చుకొన్నచో, గ్రంథములు చెప్పలేనిది మీకు అబ్బును. ఆయన ఆకురాయిని ముందునకు త్రోయునప్పుడు మాత్రమే ఒత్తును. వెనుకకు తీయునప్పుడు లోహమునకు తగులనీయడు. చిన్న విషయమే, కాని అంచు సూటిగా వచ్చుటకును గుండ్రముగా చెడుటకును తేడా అందే యున్నది.

పులివెందులలో బోరు మోటార్లకు తీగె చుట్టు దుకాణములు వీధి వీధికి కలవు. అచ్చట మిగిలిన 24 గేజి రాగితీగె మందము 0.56 మి.మీ.; ఇరువది నాలుగు రెట్లు పెంచినచో 13 మి.మీ. కడ్డీయగును, ప్రక్క అద్దపు కమ్మికి, తొట్టి కొక్కెములకు సరిపోవును. ఫ్లెక్సీ బోర్డుల దుకాణములు పాఱవేయు యాక్రిలిక్ ముక్కలతో అడుగు చట్రమును, క్యాబిన్ గోడలను కోయవచ్చును. కడిగిన ఎక్స్‌రే ఫిలిము కిటికీ అద్దమగును. సైకిలు ట్యూబు మడ్‌గార్డు రబ్బరగును. అయితే రేకు విషయమున జాగ్రత్త వలెను. నిజమైన బండి రేకు మందము మిల్లీమీటరునకు మించదు. దానిని కుదించినచో 0.04 మి.మీ. అగును, అంత పలుచని గోడ నిలువదు. మందపు గోడను నిలిపి, కంటికి కనబడు అంచును మాత్రము లోపలివైపు నుండి ఏటవాలుగా ఆకురాయితో అరగదీసి కత్తివాదరవలె చేయవలెను. చూచువాడు అంచును చూచి మందమును ఊహించును గనుక, అంచు పలుచనైనచో గోడ యంతయు పలుచనిదిగనే తోచును. సొట్టలకును, వంగిన మడ్‌గార్డునకును మాత్రల అట్ట వెనుకనుండు రేకు శ్రేష్ఠము. అది కుదించిన రేకు మందమునకు సమీపముగా వచ్చును, వ్రేలిగోటితో నొక్కినచో నిజమైన బండి రేకు నలిగినట్లే నలుగును.

పని క్రమములో క్యాబినును మొదట చేయవలెనని మనస్సు తొందరపెట్టును. ముఖము ముందు చూడవలెనను కోరిక సహజము. దానిని నిగ్రహింపుడు. ఛాసి, ఇరుసులు, చక్రములు, కమాన్ కట్టలు ఈ వరుసలోనే సాగవలెను. ఛాసి రెండు కర్ణములను కొలిచి సమానముగా నున్నవో లేవో చూడుడు. అర మిల్లీమీటరు వంకర ఇచ్చట మిగిలినచో, కప్పు వేయునాటికి అది నాలుగు మూలలకు ప్రాకి, తలుపు కూర్చుండక, దీపములు వాలి, కారణము తెలియక విసుగు పుట్టి పని అటకెక్కును. మధ్యలో విడిచిన నమూనాలలో పెక్కింటికి మూలరోగము ఇదియే.

కమాన్ కట్టలయొద్ద కొంత ఆగవలెను. నాపబండ రెండడుగుల చదరము, ఒక అంగుళము మందమైనచో ఇంచుమించు 25 కిలోలు తూగును. ముప్పది బండలకే 750 కిలోలు, అనగా ముప్పాతిక టన్ను, పూర్తియగును. ఆ ముప్పదిని నిలువుగా ఆనించి పేర్చినచో, ఏడడుగుల తొట్టిలో రెండున్నర అడుగులు మాత్రమే నిండును. మిగిలిన ఖాళీని చూచి చేయి ఊరకుండునా? బేరగాడు ఊరకుండునా? కనుక బండలు తోలిన బండి వెనుక కట్టలు కాలక్రమమున విల్లు వంపును కోల్పోయి చదునగును, తొట్టి వెనుకకు క్రుంగును. మీ బండి వెనుక ఒక అంగుళము క్రుంగియున్నచో, నమూనాలో అది ఒక్క మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరును తప్పక చూపుడు. అరటి గెలలు మాత్రమే తోలిన బండికిని బండలు తోలిన బండికిని నిలుచు తీరులోనే భేదమున్నది. స్టాండులోని అనుభవజ్ఞుడు నమూనాను దూరమునుండి చూచియే ఇది దేనికి తిరిగిన బండియో చెప్పగలుగవలెను.

రంగు వేయుట కంటె రంగు పోగొట్టుటయే ఎక్కువ విద్య. అదే డబ్బాలోని రంగు చిన్న వస్తువుపై ముదురుగా కనబడును. కొంచెము తెలుపు కలుపవలెను, మెఱుగు తగ్గింపవలెను. తొట్టి అడుగును ఒక చరిత్రగ్రంథమువలె చదువవలెను. బండలు ఎక్కించునప్పుడును దించునప్పుడును వెనుక అంచుమీద రాపిడి పడును. గీతలన్నియు ముందు వెనుకలుగా, దాదాపు సమాంతరముగా నుండును, అడ్డముగా నుండవు. నిత్యము రాపిడి తగులు చోట ఇనుము తెల్లగా మెఱయుచుండును, అచ్చట త్రుప్పు నిలువదు. త్రుప్పు పట్టునది సరుకు తగులని మూలలలో, నీరు నిలుచు మడతలలో, బోల్టుల చుట్టు. దీని నెఱుగక తొట్టి యంతయు గోధుమరంగు పూసినవారి పనిలో ప్రయాస కనబడును గాని బండి కనబడదు. అరటి గెలల కఱ మఱియొక విధము: గెల కాడ కోసిన చోట కాఱిన రసము చుక్కలుగా పడి, ముందు కనబడక, గాలి తగిలినకొలది నల్లబడి, ఎంత కడిగినను పోదు. దానిని నలుపు రంగుతో పెట్టరాదు; పలుచని గోధుమరంగును చుక్కపై చుక్కగా, ప్రతి పూత ఆరిన తరువాత, పెంచుకొనుచు పోవలెను. ధూళికి మన నేలయే చాలును. పులివెందుల వైపు ఎఱ్ఱమన్నును, జమ్మలమడుగు వైపు నల్లరేగడిని వేఱు వేఱుగా నూఱి, పాత ధోవతి గుడ్డతో రెండుమాఱులు జల్లించి, చక్రముల వెనుకను వెనుక డోరుపైనను కుంచెతో అద్దుడు. నడచు బండి వెనుక గాలి సుడి తిరిగి దుమ్మును అచ్చటికే లాగును.

నంబరు పలక బాడుగ బండికి పసుపు, అక్షరములు నలుపు. పొడవు పలక నమూనాలో 21 మి.మీ., 5 మి.మీ.; అక్షరము ఎత్తు 65 మి.మీ. గనుక 2.7 మి.మీ. మాత్రమే వచ్చును. చేతితో వ్రాయుట వలదు, స్టూడియోలో అచ్చువేయింపుడు. 2019లో రాష్ట్రమంతటికి ఏపీ 39 ఒక్కటే యైనది. అంతకు ముందు కడప జిల్లా బండియైనచో ఏపీ 04 అని యుండును. ఆ అంకెలను చూడగనే కాలము తెలియును. వెనుక డోరుపై దేవుని పేరో, పిల్లల పేర్లో వ్రాసిన పెయింటరు ఇంకను ఉన్నచో, అతనిచేతనే తెల్లకాగితముపై పెద్దగా వ్రాయించి, దానిని కంప్యూటరులో కుదించి అచ్చువేయుడు. ఆ చేతివ్రాతలోని కొమ్ము విసురు, దీర్ఘము తిప్పిన తీరు ఏ యంత్రాక్షరములోను దొరకవు.

ఈ శ్రమ మనస్సునకు ఏమి చేయునో చెప్పవలెను. అమెరికాలో 1930 నుండి 1968 వఱకు ఫిషర్ బాడీ సంస్థ బాలురకు పోటీ నడపినది. మొదట నెపోలియను కాలపు రథమును, తరువాత పండ్రెండవ వంతు ప్రమాణములో తాము కల్పించిన కార్లను వారు చేసి పంపిరి. అందులో పలువురు పిమ్మట కార్ల రూపకర్తలైరి. వారు ఇంకను పుట్టని కారును చేసిరి, మీరు చేజారిన బండిని చేయుచున్నారు. ఇరువురకును అలవడునది ఒక్కటే, ఒక వస్తువును అది యున్నది యున్నట్లుగా చూచు శక్తి. బండి పోయినదని దుఃఖించువాడు నిజమునకు బండిని తలచుట లేదు, తన నష్టమును తలచుచున్నాడు. కీలు ఎచ్చటనుండెనని వెదకువాడు బండినే తలచును. ఆ రెండు తలపులకు నడుమ నున్న అంతరమును మాటలతో ఒప్పించుట కష్టము; వారము దినములు ఆకురాయి పట్టినవానికి ఒప్పింపనక్కఱలేదు.

దినమునకు గంటకు మించి కూర్చుండవలదు. ఎడమవైపు నుండి వెలుగు పడునట్లు దీపము నుంచుకొనుడు. ఫెవిక్విక్‌ను, స్ప్రే రంగును వాకిట గాలిలోనే వాడుడు, మూతికి గుడ్డ కట్టుకొనుడు. చూపు మందగించినవారు సిగ్గుపడక భూతద్దము తెచ్చుకొనవలెను. పని చూడవచ్చిన పాత క్లీనరో, తోడి డ్రైవరో "ఈ స్టెప్నీ కుడిపక్క కదా ఉన్నింది" అని తగవు పెట్టినచో సంతోషింపుడు. కుడిపుటలో వ్రాసికొని, ఋజువు వెదకుడు.

పూర్తియైన బండికి ఫోటో ఫ్రేముల దుకాణములో గాజు కోయించి పెట్టె చేయింపుడు. లోపలి కొలత పొడవు 200, వెడల్పు 100, ఎత్తు 110 మిల్లీమీటర్లు చాలును. టైర్లకు రబ్బరు వాడియున్నచో, నెలల తరబడి ఒకే చోట ఒత్తుకొని చదునగును గనుక, ఇరుసుల క్రింద సన్నని కొయ్యముక్కలు పెట్టి చక్రములను వెండ్రుకవాసి పైకెత్తి యుంచుడు. ఎండ తగులు కిటికీ దగ్గఱ నుంచినచో నంబరు పలకమీది పసుపు ముందు వెలియును. కొలతల పుస్తకమును పెట్టె అడుగున ఒక అఱ చేయించి అందుంచుడు. అదే జాతి బండిని అమ్మి, దానిని చేయగోరి మీ యింటికి వచ్చువానికి సగము పని అందే యుండును.